సత్రం తలుపు మీద నోటీసు: జాబితాలో లేని కట్టడాన్ని ఎలా నిలబెట్టాం

శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. అవతల ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. "సత్రం తలుపుకి నోటీసు అంటించారండి. శిథిల భవనమట. ఏడు రోజుల్లో కూల్చుకోవాలట, లేకపోతే వాళ్ళే వచ్చి కూలుస్తారట" అన్నారు. నోటీసు మీద తారీఖు చూసి చెప్పమన్నాను. మంగళవారం నాటిది. అప్పటికే మూడు రోజులు పోయాయి. శని, ఆదివారాలు ఆఫీసులుండవు. మాకు మిగిలింది ఒక్క సోమవారం.

ఇది గోదావరి డెల్టాలో ఒక మున్సిపల్ పట్టణం. ఫైలు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు రాయను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవ ప్రయాణాలు పెరిగాయి. రేవులో దిగినవాళ్ళకి రాత్రి తలదాచుకునే చోటు, పిడికెడు అన్నం కావాలి. డొక్కా సీతమ్మ గారి పేరు తలుచుకోని ఇల్లుండని ప్రాంతం కదా, కాస్త కలిగినవాళ్ళు సత్రం కట్టించడం అక్కడ వింతేమీ కాదు. మన సత్రం కూడా అలా లేచిందే. కాలవ గట్టుకి ఎదురుగా పొడుగాటి అరుగు, లోపల మండువా, చుట్టూ నాలుగు వైపులా పంచ, వెనక విడిగా వంటశాల. ముందు హాలు మీద మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద ఇటుక, సున్నం పరిచిన చదును కప్పు, మిగతా అంతా పెంకు. చివరిసారి యాత్రికులు బస చేసి ముప్పై ఏళ్ళు దాటిందట. ముందు అరుగు మీద ఒక టైలరు, ఒక సైకిల్ రిపేరు షాపు, లోపల ఒక వాచ్‌మన్ కుటుంబం ఉంటున్నాయి. స్థలం సెంటర్లో ఉంది. మిగతా కథ ఊహించుకోవచ్చు: షాపింగ్ కాంప్లెక్స్ ప్లాను ఎవరి టేబుల్ మీదో అప్పటికే తయారై ఉంది.

నేను పాత కట్టడాల మరమ్మతు చేసే ఇంజనీరుని, వకీలుని కాదు. కానీ ఈ పనిలో సున్నం ఎంత తెలియాలో చట్టమూ అంత తెలియాలి. లేకపోతే గోడ బాగుచేస్తుండగానే ఎవరో వచ్చి గోడే లేకుండా చేస్తారు.

మాస్టారు మొదట అడిగింది అందరూ అడిగేదే. "పురాతన కట్టడాల్ని కాపాడే చట్టం ఉంది కదండీ, అది చూపిస్తే ఆగరా?" చట్టం ఉంది. ఒకటి కాదు, రెండు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో ఈ పనిని పంచి పెట్టారు. జాతీయ ప్రాముఖ్యం ఉందని పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటించిన కట్టడాలు కేంద్రానివి. మిగిలిన చారిత్రక కట్టడాలు రాష్ట్ర జాబితాలో 12వ అంశం కింద రాష్ట్రానివి. కేంద్రం తన వాటికి 1958లో చట్టం చేసుకుంది. మన రాష్ట్రానికి ఉన్నది 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రాచీన, చారిత్రక కట్టడాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2017లో తనదైన హెరిటేజ్ చట్టం తెచ్చుకుంది, ఆంధ్రాలో మాత్రం 1960దే నడుస్తోంది.

చిక్కు ఎక్కడంటే, ఈ చట్టాలన్నీ కాపాడేది జాబితాలో ఉన్నవాటిని. కట్టడం ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా, గెజిట్‌లో పేరు పడేదాకా చట్టం దృష్టిలో అది మామూలు పాత కొంపే. మన సత్రం పేరు ఏ గెజిట్‌లోనూ లేదు.

జాబితాలో పేరు ఉండడం, లేకపోవడం మధ్య ఎంత తేడా ఉంటుందో తెలియాలంటే హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ కేసు చూడాలి. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో కట్టించుకున్న మహలు అది. హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించారు. 2015 డిసెంబరులో ఒక జీవోతో ఆ నిబంధననే తీసేశారు. తర్వాత 2017 చట్టంలోకి దాని పేరు రాలేదు. 2019 జూన్‌లో అక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించి శంకుస్థాపన కూడా చేసేసింది. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ముందస్తు అనుమతి తీసుకోకుండా, వర్తించే నిబంధనలు పట్టించుకోకుండా ముందుకు వెళ్ళారని తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చిన రోజు మా రంగంలో వాళ్ళం ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మిఠాయి తిన్నంత పని చేశాం. కానీ ఆ మహలుకి చేతికందిన కర్ర ఏమిటి? ఎప్పుడో ఒక జాబితాలోకి ఎక్కిన పేరు. మా సత్రానికి అదీ లేదు. మాస్టారు ఆ తీర్పు పత్రికా కటింగ్ పట్టుకుని కోర్టుకి వెళ్దామన్నారు. వద్దన్నాను. రిట్ వేస్తే మొదటి వాయిదాలోనే "ఇది రక్షిత కట్టడమా?" అని అడుగుతారు. మనం నోరు తెరవలేం.

కాబట్టి పని రెండు ముక్కలయింది. జాబితాలోకి ఎక్కించడం, అది నెలలు పట్టే పని. ఎక్కేదాకా కూలకుండా చూసుకోవడం, దానికి మాకున్నది మూడు రోజులు. చాలామంది మొదటి పనికి పరిగెత్తి, అప్లికేషన్ పెట్టి, రసీదు జేబులో వేసుకుని ఇంటికొస్తారు. ఈలోగా జేసీబీ వచ్చి వెళ్ళిపోతుంది.

నోటీసు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. అచ్చు వేసిన ఫారం, ఖాళీల్లో చేత్తో రాసినవి రెండే: డోర్ నంబరు, తారీఖు. "శిథిలావస్థలో ఉండి ప్రజలకు ప్రమాదకరముగా నున్నందున కూల్చివేయవలసినది" అని ఉంది. కింద 1965 మున్సిపాలిటీల చట్టం సెక్షన్ నంబరు. ఆ సెక్షన్ తీసి చదివాను. ఎన్నోసార్లు చదివిందే అయినా మళ్ళీ చదివాను. ప్రమాదకరంగా ఉన్న కట్టడం విషయంలో కమిషనర్ యజమానికి ఏమేం చెప్పొచ్చో అందులో వరసగా ఉంది: చుట్టూ కంచె వేయమనొచ్చు, పడగొట్టమనొచ్చు, దన్ను పెట్టి కదలకుండా చేయమనొచ్చు, మరమ్మతు చేయమనొచ్చు. నాలుగు దారులు. అచ్చు ఫారంలోకి వచ్చేసరికి మిగతా మూడూ రాలిపోయి ఒక్క "కూల్చివేయవలసినది" మిగిలింది. ఎప్పుడో ఎవరో ఫారం అచ్చేయించినప్పుడు జరిగిన పొదుపు అయ్యుంటుంది. నా అనుభవంలో చిన్న పట్టణాల్లో పాత కట్టడాల ప్రాణం తీసేది హెరిటేజ్ చట్టంలో లొసుగులు కాదు, ఈ ఒక్క ఫారమే.

ఆదివారం పొద్దున్నే ఆరుగంటలకి సత్రంలో ఉన్నాను. నాతో పాటు ఒక వడ్రంగి మేస్త్రి, నిచ్చెన, టార్చి, సుత్తి, చెప్పులు కుట్టే ఆరె ఒకటి. ఖరీదైన పరికరాలు తర్వాత సంగతి. టేకు దంతెలో, అంటే కప్పు మోసే సన్న దూలంలో, చెద ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి ఆరెని మించింది నేను చూడలేదు.

బయటి నుంచి చూస్తే సత్రం నిజంగానే భయపెడుతుంది. హాలు కప్పు ఒక పక్క వంగి ఉంది, పెచ్చులు రాలి ఇటుకలు పళ్ళికిలించినట్టు కనిపిస్తున్నాయి, పిట్టగోడ మీద రావి మొక్క నడుం ఎత్తు పెరిగింది. ఇదే ఫొటో తీసి ఫైల్లో పెట్టారు. నిచ్చెన ఎక్కి దంతెలు ఒక్కొక్కటీ సుత్తితో తట్టుకుంటూ వెళ్ళాం. మంచి టేకు "టంగ్" అంటుంది, పుచ్చింది "డబ్" అంటుంది. హాల్లో మొత్తం 26 దంతెలు. 19 మంచివి. మిగతా ఏడూ పడమటి గోడ వైపు, అదీ గోడలోకి దిగిన కొస దగ్గర మాత్రమే పోయాయి. ఆరె గుచ్చితే కొసలో చేతి పిడిదాకా దిగిపోయింది, అక్కణ్ణుంచి జానెడు ఇవతల గుచ్చితే మొనైనా దిగలేదు. అంటే దంతె పోలేదు, దంతె కొస పోయింది.

ఎందుకు పోయిందో మిద్దె పైకెక్కాక అర్థమైంది. నీళ్ళు పోయే తూము ఆ పడమటి మూలే. తూము నోట్లో రావి వేళ్ళు అడ్డం పడి, వాన నీళ్ళన్నీ గోడలోకే ఇంకుతున్నాయి. కారినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి పైన ఒక పొర సిమెంటు వేసి వెళ్ళారు. గునపంతో చిన్న గుంట తవ్వి చూస్తే అసలు గానుగ సున్నం కాంక్రీటు మీద నాలుగు అంగుళాల సిమెంటు పొరలు తేలాయి. కప్పు వంగింది ముసలితనంతో కాదు, అనవసరపు మోతతో. కింద గోడలకి కూడా నడుం ఎత్తుదాకా సిమెంటు పూత వేశారు. లోపలి తేమ బయటికి పోయే దారి లేక ఆ పూత వెనకే చౌడు పట్టి ఇటుక పొడైపోతోంది. గోడ మందం 22 అంగుళాలు, పొడైంది పైపైన రెండు అంగుళాలు. మిగతా అంతా గట్టిగా ఉంది. గుల్లసున్నం గార ఊపిరి పీల్చుకుంటుంది, సిమెంటు పీల్చుకోదు. మేస్త్రి భాషలో చెప్పాలంటే "ముసలాయనకి రెయిన్‌కోటు తొడిగి ఎండలో నిలబెట్టారండి."

వెనక వంటశాల పరిస్థితి మాత్రం బాగోలేదు. పెంకు సగం జారిపోయింది, దూలం మధ్యకి పగిలింది. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

ఆ రాత్రి కూర్చుని ఆరు పేజీల రిపోర్టు రాశాను. హెరిటేజ్ అన్న మాట అందులో ఎక్కడా లేదు, కావాలనే రాయలేదు. ఏ దంతె ఏ పరిస్థితిలో ఉంది, ఎక్కడ దన్ను పెట్టాలి, పైన ఎంత బరువు దించాలి, ఎన్ని రోజులు పడుతుంది, ఈలోపు ఎవరు ఎక్కడికి వెళ్ళకూడదు. అంతే.

సోమవారం కమిషనర్ గారిని కలిశాం. చదువుకున్న మనిషి, చికాకుగా ఉన్నారు, అందులో తప్పులేదు. వానాకాలం. "చూడండి, రేపు కప్పు కూలి మనిషి పోతే మీ చరిత్ర వచ్చి ఎఫ్‌ఐఆర్‌లో నిలబడదు. నిలబడేది నేను" అన్నారు. అది అక్షరాలా నిజం కూడా. వాదించకుండా సెక్షన్ కాగితం, రిపోర్టు పక్కపక్కన పెట్టాను. నాలుగు దారుల్లో రెండు ఇవాళే మొదలుపెడతాం, కంచె, దన్ను. మరమ్మతు అంచనా పదిహేను రోజుల్లో ఇస్తాం. అప్పటిదాకా హాల్లోకి ఎవరూ పోకుండా చూసే పూచీ రాతపూర్వకంగా నాది, అన్నాను. ఆయన రిపోర్టు రెండుసార్లు తిరగేసి, ఏడు దంతెల బొమ్మ దగ్గర ఆగారు. "ఇవి మాత్రమేనా?" "ఇవి మాత్రమేనండి. కావాలంటే మీ అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారిని పంపండి, ఆరె ఇస్తాను, ఆయనే గుచ్చి చూస్తారు." ఏఈ వచ్చారు, గుచ్చారు. సాయంత్రానికి నోటీసు మీద తాత్కాలికంగా నిలుపుదల అని ఎండార్స్‌మెంట్ పడింది. అదే రాత్రి సరుగుడు బాదులు, నాలుగు జాకీలు దింపి పడమటి గోడ పక్కన దన్ను కట్టేశాం. ఖర్చు ఊళ్ళోవాళ్ళు చందా వేసుకున్నారు. టైలరు కూడా ఇచ్చాడు, మాకు ఆశ్చర్యం వేసింది.

జేసీబీ ఆగింది. రెండో పని మొదలైంది.

జాబితాలోకి ఎక్కించమని అడగాలంటే ముందు మూడు ప్రశ్నలకి కాగితం చూపించాలి: ఇది ఎప్పటిది, ఎవరిది, ఎక్కడిది. వినడానికి సులువుగా ఉంటాయి.

ఎప్పటిదన్నది గుమ్మం పక్క రాతిపలక మీదే ఉంది, తారణ నామ సంవత్సరం అని. కానీ తారణ అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1824 కావచ్చు, 1884 కావచ్చు, 1944 కూడా కావచ్చు. కేంద్ర చట్టంలో కనీసం నూరేళ్ళు నిండాలనే లెక్క ఉంది, రాష్ట్రంలో అడిగేవాళ్ళూ అదే కొలబద్ద పట్టుకుంటారు కాబట్టి, ఇది ఉబుసుపోక వేసిన పజిల్ కాదు. పలక మీద "కాలవ రేవున" అన్న మాట ఉంది, ఆనకట్ట రాకముందు ఆ కాలవే లేదు, కాబట్టి 1824 పోయింది. రెవెన్యూ వాళ్ళ పాత రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరులో, అది 1944కి చాలా ముందటిది, ఆ నంబరు ఎదురుగా రిమార్కుల గడిలో "సత్రం" అని ఉంది. 1944 కూడా పోయింది. మిగిలింది 1884. మాస్టారు లెక్కల మాస్టారు కాబట్టి ఈ తీసివేతకి మహా సంబరపడ్డారు.

ఎవరిదన్నది ఇంకో ముడి. కట్టించినాయన వారసులు ఊళ్ళో లేరు. 1987 నాటి దేవాదాయ చట్టం కింద సత్రాలూ వస్తాయి. సెక్షన్ 43 కింద ఉండే రిజిస్టరులో దీని పేరు దొరికింది, స్థలం నిషేధిత ఆస్తుల 22ఏ జాబితాలోనూ ఉంది. అంటే అమ్మకానికి రిజిస్ట్రేషన్ జరగదు. అది మాకు పెద్ద ఊరట. దేవాదాయ చట్టం కింద ధర్మసంస్థ ఆస్తిని దేవాదాయ కమిషనర్ అనుమతి లేకుండా అన్యాక్రాంతం చేయడానికి వీల్లేదు. కాంప్లెక్స్ కట్టి లీజుకిచ్చి సంస్థకి ఆదాయం తెస్తాం అన్న వాదన మాత్రం అప్పటికీ ఉంటుంది. దానికి సమాధానం చట్టంలో వెతక్కూడదు, లెక్కల్లో వెతకాలి. ముందు అరుగు బాగుచేసి ఆరు చిన్న షాపులు పద్ధతిగా అద్దెకిస్తే ఎంత వస్తుందో ఒక కాగితం వేసి ఇచ్చాం. కాంప్లెక్స్ అంత రాదు. కానీ పెట్టుబడి దాదాపు ఉండదు.

ఇక ఎక్కడిది. నేను తడబడింది ఇక్కడే.

పాత నోటిఫికేషన్లు చూస్తే చాలావాటిలో కట్టడం పేరు, ఊరు పేరు ఉంటాయి. హద్దులు ఉండవు, ఉన్నా "తూర్పు: చింతచెట్టు" లాంటివి. చింతచెట్టు పోయిన మరుసటేడు హద్దూ పోతుంది. ఇది మన ఒక్క రాష్ట్రం గొడవ కాదు. కేంద్రం జాబితాలో 3,600 పైచిలుకు కట్టడాలుంటే, 2013లో ప్రభుత్వ లెక్కలు చూసే కాగ్ తనిఖీ చేసి 92 కనిపించడం లేదని తేల్చింది. తర్వాత వెతికితే 42 దొరికాయి. 14 పట్టణాల కింద కలిసిపోయాయి, 12 జలాశయాల్లో మునిగిపోయాయి, 24 ఎక్కడున్నాయో జాడే లేదు. 2024లో 18 కట్టడాల్ని జాబితా నుంచే తీసేయాలని నిర్ణయించారు. రక్షిత కట్టడాన్నే పోగొట్టుకున్నామంటే సర్వే నంబరు, స్కెచ్ లేని కాగితం ఎంత పల్చనిదో తెలుస్తుంది.

ఇదంతా తెలిసి కూడా నేను పప్పులో కాలేశాను. మా సత్రానికి పాత సర్వే నంబరు ఒకటే. పట్టణ సర్వే జరిగినప్పుడు దాన్ని రెండు టీఎస్ (టౌన్ సర్వే) నంబర్లుగా విడగొట్టారు. ముందు భవనం ఒక నంబరు, వెనక వంటశాల, పెరడు ఇంకో నంబరు. నేను కొలతలు తీసి గీసిన ప్లానులో వంటశాల ఉంది. ప్రతిపాదనలో రాసిన నంబరు మాత్రం ఒక్కటే, మొదటిది. తొందరలో ఉన్నాను, పాత నంబరుకి కొత్త నంబరు ఏదని అడిగితే క్లర్కు ఒకటి చెప్పాడు, నేను రెండోది ఉందా అని అడగలేదు.

ప్రతిపాదన పంపిన కొన్ని నెలలకి ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. ఇది చట్టంలో మొదటి మెట్టు. ఫలానా కట్టడాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే రెండు నెలల్లో చెప్పండి అని ప్రభుత్వం గెజిట్‌లో వేసి, ప్రతిని కట్టడం దగ్గర అంటిస్తుంది. తలుపు మీద పాత నోటీసు జిగురు మరక ఇంకా ఉంది. దాని పక్కనే ఇది అంటించారు. మాస్టారు రెండూ పడేలా ఫొటో తీసుకున్నారు.

అసలు పని ఆ రెండు నెలల్లోనే ఉంటుందని నా నమ్మకం. నోటిఫికేషన్ వచ్చిందని సంబరపడి ఊరుకుంటే అభ్యంతరాలు గుట్టలుగా పడతాయి. మొదటి వారంలోనే చుట్టుపక్కల షాపులవాళ్ళు ఇరవై మంది సంతకాలు పెట్టి అర్జీ రాసుకున్నారు. ఇంకా ఇవ్వలేదు, రాసుకున్నారు. వెళ్ళి కూర్చున్నాం. వాళ్ళ భయాలు రెండు. ఒకటి, వంద మీటర్లలోపు ఇటుక మీద ఇటుక పెట్టనివ్వరని. ఎవరో ఏదో కోట పక్కన ఇల్లు కట్టుకోలేక తిరిగిన కథ అందరికీ తెలుసు. ఆ 100 మీటర్ల నిషేధం, దాని అవతల 200 మీటర్ల నియంత్రణ 2010లో చేసిన సవరణతో కేంద్ర చట్టంలోకి ఎక్కినవి, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలకి సంబంధించినవి, మన సత్రం ఆ జాబితాలోది కాదు అని చెప్పాం. నోటిమాట నమ్మలేదు. నమ్మకూడదు కూడా. ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెచ్చి ఇస్తామన్నాం, తెచ్చాం. రెండో భయం, గెజిట్‌లో పడితే ఆస్తి సర్కారు పట్టుకుపోతుందని. రక్షిత కట్టడమని ప్రకటిస్తే యాజమాన్యం మారదు. యజమాని యజమానే, కాకపోతే ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి, మార్చడానికి వీల్లేదు. ఇది మాత్రం ముందే ముక్కుసూటిగా చెప్పాం. దాచిపెట్టి సంతకాలు తీసుకుంటే తర్వాత తలుపుకి పెయింటు వేసుకుంటుంటే ఎవరో వచ్చి ఆపినప్పుడు మన ముఖం చూడరు. సైకిల్ షాపు అతను ఒక్కడే, "మరి మా షట్టర్ మార్చుకోవాలంటే?" అని సూటిగా అడిగాడు. అనుమతి అడగాలి అన్నాను. "ఎన్నాళ్ళకి ఇస్తారు?" దానికి నా దగ్గర జవాబు లేదు. అర్జీలో అతని సంతకం ఒక్కటే చివరిదాకా ఉంది. నాకు అతనిమీద కోపం రాలేదు.

ఈ గొడవలో మేం ముందు వైపు ఉండగా వెనక వైపు పోయింది. ఒక మంగళవారం ఉదయం వాచ్‌మన్ భార్య ఫోన్ చేసింది: "అయ్యగారూ, వంటిల్లు కొట్టేత్తన్నారండి." మేం వెళ్ళేసరికి పెంకులు ఒక కుప్ప, ఇటుకలు ఒక కుప్ప. డ్రైనేజీ పనికి స్థలం చదును చేస్తున్న కాంట్రాక్టరు మనుషులు. ఆపమన్నాం. సూపర్‌వైజర్ కాగితం తీసి చూపించాడు. నోటిఫికేషన్‌లో ఉన్న టీఎస్ నంబరు ఒకటి, ఇతను కూలుస్తున్న నంబరు ఇంకోటి. అతని కాగితం సరిగానే ఉంది, నాదే సరిగా లేదు. రాసిన చేయి నాది. నాలుగు పెద్ద గాడిపొయ్యిలు, వాటి పైన పొగ పోయే ఇటుక గూడు, వెయ్యిమందికి అన్నం వార్చిన రాతి తొట్టె, అన్నీ ఆ కుప్పలో ఉన్నాయి. సత్రం అంటే పడుకునే చోటుకన్నా ముందు వండిపెట్టే చోటు. ఆ ముక్క పోయింది. తొట్టె ఒక్కటి పగలకుండా దొరికితే నలుగురం మోసి మండువాలో పెట్టాం.

ఆ రోజు తర్వాత నా పద్ధతి మారింది. ఇప్పుడు ఏ ఊరు పిలిచినా మొదటి రోజు కట్టడం లోపలికి వెళ్ళను. సర్వేయర్ దగ్గరికి వెళ్తాను. పాత నంబరు, దాని నుంచి పుట్టిన నంబర్లన్నీ, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే వాళ్ళ కొలతల పుస్తకంలోని పటం), నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, అన్నీ ఒక పేజీలో వేసి, దాని మీద రెవెన్యూ సంతకం పడ్డాకే నిచ్చెన ఎక్కుతాను. రావి మొక్క ఆగుతుంది, నంబరు ఆగదు.

హాలు మరమ్మతు మాత్రం అనుకున్నట్టే అయింది. పైన సిమెంటు పొరలు గునపంతో కాకుండా చిన్న ఉలులతో వారం రోజులు చెక్కించాం, అదురుకి పాత సున్నం కదలకుండా. ఏడు దంతెల కొసలు కోసేసి, పాత ఇళ్ళు విప్పిన చోట కొన్న టేకు ముక్కలు ఏటవాలు అతుకుతో కలిపి, పక్కలకి ఇనుప పట్టీలు బిగించాం. గోడలో కొస చుట్టూ ఈసారి గాలి ఆడేలా వేలెడు సందు వదిలాం. కప్పు మీద గానుగ సున్నం, ఇటుకపొడి, కరక్కాయ, బెల్లం నీళ్ళు వేసి ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొట్టారు. ఈ పని చేసినవాళ్ళలో ఇద్దరికే ముందు తెలుసు, మిగతావాళ్ళు అక్కడే నేర్చుకున్నారు. డబ్బు ఊరి చందా, కొంత సంస్థ నిధి. కింద గోడల సిమెంటు పూత తీసేసి ఒక వేసవి అంతా ఉత్తినే వదిలేశాం, ఆరనివ్వడానికి. ఊళ్ళోవాళ్ళు పని ఆగిపోయిందనుకుని గొడవపెట్టారు. ఆరడం కూడా పనే అని చెప్తే ఒక్కరూ నమ్మలేదు.

తుది నోటిఫికేషన్ ఇంకా రాలేదు. కూల్చమన్న నోటీసు రద్దు కాలేదు, నిలుపుదలలో ఉంది. రెండో టీఎస్ నంబరు కలుపుతూ సవరణ ప్రతిపాదన పంపాం. వంటశాల లేకపోయినా దాని పునాది, పెరటి బావి ఆ నంబరులోనే ఉన్నాయి. పోయిన నెల సర్వేయర్ వచ్చి కొలిచి, ఈశాన్యం మూల రాయి పాతించాడు. మాస్టారు గొడుగు పట్టుకుని పక్కనే నిలబడి, రాయి మీద నంబరు చెక్కాక కళ్ళజోడు తుడుచుకుని వంగి చదివారు. "రెండూ ఉన్నాయా?" అని అడిగాను. "రెండూ ఉన్నాయండి. నేనే రెండుసార్లు చూశాను" అన్నారు.